పిల్లాడి పేరున ఆరిన గుడ్డలు

దగ్గితే ఇబ్బంది, తుమ్మితే ఇబ్బంది, గట్టిగా నవ్వితే మరీ ఇబ్బంది. అరవై దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఇంతకు మించి విడమరచి చెప్పక్కర్లేదు. మగవాళ్లకు విడమరచి చెప్పినా కిటికీలోంచి బయటికి చూస్తారు. నాకు ఇది మొదలై కొంతకాలమైంది. మొదట్లో మందుల షాపులో ప్యాకెట్లు కొనుక్కునేదాన్ని. షాపతను వాటిని నల్ల కవర్లో పెట్టి, నా మొహం చూడకుండా ఇచ్చేవాడు. వాడినవాటిని పాత పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టేదాన్ని. ఏ దినపత్రిక డెస్కులో కూర్చుని జుట్టు నెరిసిందో ఆ పత్రికలోనే చుట్టేదాన్ని. అందులో ఉద్దేశమేమీ లేదు. మా ఇంటికి వచ్చేది అదొక్కటే.

మా కోడలు హారిక తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. వాళ్ల కాపురం అక్కడే. అబ్బాయీ తనూ వీలున్నప్పుడల్లా శనివారం సాయంత్రం రైల్లో ఏలూరు వచ్చి, మా అపార్టుమెంటులో ఉండి, ఆదివారం రాత్రికి వెళ్లిపోతారు. అలా వచ్చిన ఒక ఆదివారం పొద్దున్న మున్సిపాలిటీ బండి హారను వినబడితే చెత్తబుట్ట తనే కిందికి తీసుకెళ్లింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తేనే తీసుకుంటారు. నేను చుట్టి పెట్టినలాంటివాటిని ఇంకా వేరుగా ఇవ్వాలి. పైకి వచ్చాక చేతులు కడుక్కుని టిఫిను తింది. తరవాతిసారి వచ్చినప్పుడు ఒక గుడ్డ సంచీ తెచ్చి నా మంచం మీద పెట్టింది.

"అత్తయ్యగారూ, ఇవి మీకండీ. ఉతుక్కుని మళ్లీ వాడుకోవచ్చు. నెలసరికి నేను వాడేవీ ఇలాంటివే. మీవి కాస్త మందం."

చెత్తబుట్ట చూసి కనిపెట్టావా అని అడిగాను. కాదంది.

"బుట్ట సంగతి తరవాతండీ. మీరు గూడెం రావడం మానేశారు. గంట కూడా పట్టని ప్రయాణానికి మోకాళ్లంటున్నారు. ఇక్కడేమో పొద్దున్న కాఫీ తప్పితే మంచినీళ్లు ముట్టుకోవడం లేదు."

నీళ్లు తాగడం మానేసి సంగతి దాచుకోవచ్చనుకోవడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మా ఇంట్లో నాకంటే చాలా ముందు ఒకరు కనిపెట్టారు. ఆయన కూడా ఇలాగే దొరికిపోయారు.

సంచీలో గుడ్డలతోపాటు ఒక కాగితం ఉంది. వాడాక ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పొయ్యకూడదు. ఘాటైన సబ్బులు వద్దు. ఎండలో ఆరెయ్యాలి, నీడన ఆరేస్తే వాసన పట్టుకుంటుంది. ఉతికాక వారానికోసారి మరిగించినా మంచిదే. ఇదంతా ఇంగ్లిషులో ఉంది. మా అమ్మమ్మకు ఇంగ్లిషు రాదు. మిగతాదంతా వచ్చు.

కలిదిండి దాటి కొల్లేటి వైపు వెళ్తే అమ్మమ్మవాళ్ల ఊరు. ఇప్పుడు ఆ దారికి రెండు పక్కలా చేపల చెరువులు, అప్పుడు వరి చేలు. ఆ ఏడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. ఏలూరులో బడి మాన్పించి, ఆకు పసరు అక్కడైతే బాగా కుదురుతుందని అమ్మ నన్ను తీసుకెళ్లి దింపి వచ్చింది. రోజూ పరగడుపున పాలల్లో పసరు, రెండు పూటలా ఉప్పూ నూనే లేని పథ్యం. ఆ తిండి తినేవాళ్లకు ప్రపంచంలోని మిగతా విషయాలన్నిటి మీదా శ్రద్ధ పెరుగుతుంది. ఆ వానాకాలం ఆ ఇంట్లో ఎవరు ఏ మూల ఏం చేశారో నాకు గుర్తున్నంతగా, తరవాత నా చేతుల మీదుగా అచ్చయిన ఎన్నికలు కూడా గుర్తులేవు.

ఇల్లు పెంకుటిల్లు. ముందు ఎత్తరుగులు, ఎదురుగా గట్టు రోడ్డు, వెనక దొడ్డి, దొడ్డి వెనక చేలకు నీళ్లు పారే పంటబోదె. తెల్లవారకముందే అమ్మమ్మ లేచి కుంపటి రాజేసేది. బొగ్గుల వాసన, ఆ వెనకే కాఫీ డికాషను వాసన, ఆ తరవాత వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన. ఈ వరసలో ఇల్లు నిద్ర లేచేది. గాలి కొల్లేటి మీంచి తిరిగితే వీటన్నిటి మీదా నాచు వాసన వచ్చి కూర్చునేది. అమ్మమ్మ తక్కువ మాట్లాడేది. పని చేస్తూ మాట్లాడటం, మాట్లాడుతూ పని చెయ్యడం రెండూ ఆమెకు నచ్చేవి కావు. మజ్జిగ చిలుకుతున్నప్పుడు ఏదైనా అడిగితే, చిలకడం అయ్యాక, కవ్వం కడిగి గూట్లో పెట్టాక సమాధానం చెప్పేది. అప్పటికి అడిగినవాళ్లు మరిచిపోయి ఉండేవారు.

తాతయ్య పేరు రామయ్య. కాఫీ తాగి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద పడక్కుర్చీలో కూర్చునేవారు. ఊళ్లో ఆయనకు ఏ పదవీ లేదు. ఎండాకాలం నీళ్లు రాలేదని, వానాకాలం నీళ్లు పోలేదని రైతులు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి చేలో నీళ్లు ఎవరి బోదెలోకి తియ్యాలో ఆయన చెప్పేవారు. "నీది ముందు, అతనిది వెనక" అనేవారు. అంతే. దానికి ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఆయన గొంతు పెంచరు గనక అనుకునేదాన్ని. సొంత చేలకు అందరికంటే ఆఖర్న నీళ్లు పెట్టుకుంటారన్న సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది.

నేను వెళ్లేటప్పటికి తాతయ్య పక్షవాతం వచ్చి, కొంత కోలుకుని ఉన్నారు. ఏలూరు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. మూతి వంకర సర్దుకుంది. మాట తిరిగి వచ్చింది. ఎడమకాలు కొంచెం ఈడ్చినా అరుగు దాకా నడవగలిగేవారు. ఒకటి మాత్రం తిరిగి రాలేదు. ఒంటేలు ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలిసేది కాదు. తెలిసేటప్పటికి వచ్చేసి ఉండేది. ఒకసారి అరుగు మీద నలుగురిలో ఉండగా అలా అయితే, పంచె మీద మజ్జిగ గ్లాసు ఒలకబోసుకుని లోపలికి వచ్చారు. గ్లాసు కావాలనే ఒలకబోసుకున్నారని అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. మజ్జిగ ఎప్పుడూ అన్నం తిన్న తరవాతే తాగే మనిషి పొద్దున్నే గ్లాసుతో అరుగు మీదికి ఎందుకు వెళ్తున్నారో నేనూ కొన్నాళ్లు గమనించాను.

ఆ తరవాత ఆయన నీళ్లు మానేశారు. కాఫీ వద్దన్నారు, మజ్జిగ పడటం లేదన్నారు, మంచినీళ్ల చెంబు పక్కన పెడితే అది సాయంత్రం దాకా అలాగే ఉండేది. తాగకపోతే రాదు, రాకపోతే అరుగు మీద కూర్చోవచ్చు. ఆయన లెక్క అది. అరుగు వదులుకోవడం ఆయన లెక్కలో లేదు. పెదాలు పగిలాయి. నాలుక తెల్లబడింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. కలిదిండి నుంచి సైకిలు మీద వచ్చే కాంపౌండరు చెయ్యి పట్టుకు చూసి, చర్మం లాగి చూసి, అమ్మమ్మను పక్కకు పిలిచాడు.

"ఒంట్లో నీళ్లు లేవండి. ఇలాగే ఉంటే మూత్రపిండాలు చెడిపోతాయి. అప్పుడు ఏలూరు తీసుకెళ్లినా లాభం ఉండదండి."

తాతయ్య ఆ మాట విన్నారు. విని, తగాదా వాయిదా వేసినప్పుడు తల ఊపినట్టు ఊపారు. చెంబు ముట్టుకోలేదు.

ఆ ఇంట్లోనే పక్క గదిలో ఇంకొకరు రోజుకు ఎన్నిసార్లు తడిపినా అందరూ మెచ్చుకుంటున్నారు. అమ్మ చెల్లెలు రాజి పిన్ని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెల నిండిన మగపిల్లాడు. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లులో గుమస్తాగా చేసే బాబాయి వచ్చి చూసి వెళ్లాడు. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కట్టకూడదని, నిండుగా బతికిన పెద్దవాళ్లు కట్టి విడిచిన పాత నూలుబట్టే కట్టాలని మా వైపు ఆనవాయితీ. వాటిని పొత్తిగుడ్డలు అంటారు. ఆయుష్షు వస్తుందని చెబుతారు. ఎన్నో ఉతుకులు తిన్న నూలు మెత్తగా ఉంటుందన్నది చెప్పరు, అది చెప్పనక్కర్లేదు. పిల్లాడు పుట్టినప్పుడు తాతయ్య పాత పంచెలే భోషాణంలోంచి తీసి చించారు.

కాంపౌండరు వెళ్లిన మధ్యాహ్నం అమ్మమ్మ భోషాణంలో మిగిలిన పంచెలు తీసింది. పొడవుగా చించింది. పొర మీద పొర వేసి అంచులు కుట్టింది. నడుముకు కట్టుకోవడానికి నాడాలు పెట్టింది. తీసుకెళ్లి తాతయ్య మంచం మీద పెట్టింది. నేను గుమ్మం దగ్గర పథ్యం తిన్న కంచం కడుగుతున్నాను.

"ఇవి కట్టుకోండి. పైన పంచె ఉంటుంది. ఎవరికీ తెలీదు."

తాతయ్య వాటిని చూడలేదు. "దండెం మీద?" అన్నారు.

"దండెం మీదవి పిల్లాడివి" అంది అమ్మమ్మ.

ఆయన చెంబు కోసం చెయ్యి చాపారు. వాళ్లిద్దరి మధ్య అంతకు మించి ఒప్పందమేమీ జరగలేదు. బయటికి పొక్కితే ఆయన మళ్లీ చెంబు ముట్టుకోరని మాత్రం ఇంట్లో అందరికీ, పిన్నికీ నాకూ కూడా, ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఉతకడం అమ్మమ్మ సొంత పని. ఊళ్లో బట్టలుతికే మనిషికి ఆ గుడ్డలు వెయ్యలేదు. దొడ్లో గోలెంలో చన్నీళ్లు పోసి నానబెట్టేది. వాన నీళ్లతో బోదె ఎర్రగా పారే రోజులు, అందుకని నీళ్లలో పటికముక్క తిప్పి, తేరిన నీళ్లే పోసేది. ఆ తరవాత కుంకుడు రసం. వారానికోసారి పెద్ద కాగులో బట్టల సోడా వేసి మరిగించేది. తాతవీ మనవడివీ అన్నీ ఒకటే కాగు. కష్టమంతా ఆరబెట్టడంలో ఉంది. శ్రావణం వచ్చేటప్పటికి కొల్లేరు పొంగి, దొడ్డి సగం నీళ్లలో మునిగింది. వెనక దండెం కిందికి కప్పలు వచ్చాయి. ఎండ అనేది వస్తే రోడ్డు వైపే రావాలి. కాబట్టి దండెం ముందుకు మారింది. అరుగుల చూరు కింద, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి కట్టారు. ఆరేసే పని నాది. చిన్నవీ పెద్దవీ కలిపి ఆరెయ్యాలి. పెద్దవాటిని మడిచి, చిన్నవాటి వెనక్కి వెయ్యాలి. మడిచినచోట ఆరవు. విప్పితే పెద్దవని తెలుస్తాయి. ఎండ వస్తే విప్పి, మనిషి వస్తే మడిచి, ఆ వానాకాలమంతా నేను ఆ దండెం కింద తిరిగాను.

ముసురు పట్టిన రోజుల్లో ఇంట్లోనే ఆరబెట్టేవాళ్లం. కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురు గంప బోర్లించి, గంప మీద గుడ్డలు పరిస్తే గంటకో వాయి ఆరేది. చంటిపిల్లల గుడ్డలు ఎక్కడైనా అలాగే ఆరబెడతారు. అందువల్ల తాతయ్య ఒంటి మీంచి కూడా చంటిపిల్లాడి వాసన వచ్చేది. అరుగు మీదికి వచ్చిన రైతులకు చేల తగాదాల మధ్య పురిటి గది వాసన తగిలే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేదు.

అన్నవాళ్లు రోడ్డు మీద వెళ్లేవాళ్లు. ఇంత చిన్న పిల్లాడు ఇన్ని తడుపుతున్నాడా అని మొదట ఆశ్చర్యపోయారు. తరవాత జాలిపడ్డారు. ఆ తరవాత వైద్యం మొదలుపెట్టారు. ఒకావిడ నువ్వులూ బెల్లమూ దంచి తెచ్చి, తల్లి తింటే పాల ద్వారా పిల్లాడికి చేరుతుందని పిన్ని చేత దగ్గరుండి తినిపించింది. ఇంకొకావిడ తాయెత్తు తెచ్చి కట్టింది. వేరే ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా లోపలికి వచ్చి పిల్లాణ్ణి చూసి వెళ్లేవారు. పిల్లాడు ఆరోగ్యంగా పాలు తాగి, మామూలుగా తడిపి, నిద్రపోయేవాడు. జబ్బు ఉన్నాయన అరుగు మీద కూర్చుని తూముల సంగతి చెబుతుండేవారు. రోజూ మూడు చెంబుల నీళ్లు తాగేవారు. పెదాలు మానాయి, జ్వరం పోయింది, గొంతు పూర్వంలా అయింది. పిన్నికి నువ్వులుండలు తిని తిని మొహం మొత్తింది. నాన్నకోసం కదా అని తినేది.

ఈ వార్త తాడేపల్లిగూడెం చేరకుండా ఉంటుందని అమ్మమ్మ ఎలా అనుకుందో తెలియదు. భాద్రపదంలో ఒక రోజు పిన్ని అత్తగారు మాణిక్యమ్మగారు వచ్చారు. కలిదిండి దాకా బస్సు, అక్కణ్నుంచి ఒంటెద్దు బండి. గట్టు రోడ్డు మీద ఒకచోట నీళ్లు పొర్లుతుంటే చీర పైకెత్తి పట్టుకుని కొంత దూరం నడిచారట. సన్నగా, తెల్లగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఒక్క మాట కూడా గట్టిగా అనేవారు కాదు. అందువల్ల ఆవిడ అన్న ప్రతి మాటా అందరికీ వినబడేది.

"మా వైపు ఎవరికీ ఈ జబ్బు లేదండి, వదినగారూ. మీ వైపు ఏమైనా ఉందేమో తెలుసుకుందామని అడుగుతున్నాను. మరోలా అనుకోకండి."

మా వైపూ లేదంది అమ్మమ్మ. మాణిక్యమ్మగారు తెచ్చిన సున్నుండల డబ్బా పిన్ని చేతికిచ్చి, చేతులు కడుక్కుని, ఉయ్యాల పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఆ రోజూ మర్నాడూ పిల్లాడి గుడ్డలు ఎవరినీ మార్చనివ్వలేదు. ఆవిడే మార్చారు. మార్చిన ప్రతిసారీ గుడ్డను చేత్తో పట్టుకుని బరువు చూసినట్టు చూసేవారు. సాయంత్రం అరుగు మీదికి వచ్చి దండెం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి లోపలికి వెళ్లారు. నేను దండెం కింద పనేదో ఉన్నట్టు నిలబడ్డాను.

మూడో రోజు పొద్దున్న, మధ్యాహ్నం బండికి తల్లీబిడ్డలను గూడెం తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తానని చెప్పారు. పిల్లాడికి ఇంకా మూడో నెల రాలేదు. రోడ్డు మీద నీళ్లు అలాగే ఉన్నాయి, ముసురు పట్టి ఉంది. పిన్ని వద్దంది. తగ్గిపోతుందిలెండి అత్తయ్యగారూ అంది. ఎలా తగ్గుతుందమ్మా, ఏం చూసి తగ్గుతుందంటున్నావు అని ఆవిడ అడిగితే, ఏం చెప్పాలో తెలియక పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ అరుగు వైపు చూడకుండా జాగ్రత్తపడింది. అమ్మమ్మ గుమ్మానికి లోపలి వైపు కూర్చుని, గంప మీంచి తీసిన గుడ్డలు మడతపెడుతూ ఉంది. అరుగు మీద తాతయ్యా, నలుగురైదుగురు రైతులూ ఉన్నారు. సుబ్బారాయుడని పల్లపు చేల రైతు, తన చేలో నిలిచిన ముంపు నీళ్లు పక్క రైతు తియ్యనివ్వడం లేదని చెబుతున్నాడు. వాన కొంచెం తెరపి ఇచ్చింది. దండెం నిండా గుడ్డలు వేలాడుతున్నాయి.

మాణిక్యమ్మగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"వదినగారూ, పిల్లాడు తడిపినవన్నీ నేనే మార్చాను. వాడికేం జబ్బు లేదండి, నాకు తెలుస్తూనే ఉంది. మరి ఆ దండెం మీద మిగతావి ఎవరివండీ?"

అమ్మమ్మ మడత ఆపింది. సమాధానం చెప్పలేదు. పని చేస్తున్నప్పుడు మాట్లాడదు గనక అని కాదు. చేతిలో పని కూడా లేదు అప్పుడు.

"పెద్దవి నావి చెల్లెమ్మా" అన్నారు తాతయ్య కుర్చీలోంచి. వెనక్కి తిరగలేదు. "చిన్నవి మనవడివి. పిల్లాణ్ణి ఈ నీళ్లల్లో బండెక్కించకండి."

నీది ముందు, అతనిది వెనక అన్న గొంతే అది. ఎక్కడా తడబడలేదు. అరుగు మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, దండెం వైపు అసలే చూడలేదు. సుబ్బారాయుడు, ఎక్కడ ఆపాడో అక్కణ్నుంచే అందుకున్నాడు.

"మరి నా చేలో నీళ్లు ఎటు తియ్యమంటారండి?"

తాతయ్య ఎటు తియ్యాలో చెప్పారు. ఆ పక్క రైతు అక్కడే ఉన్నాడు, సరేనన్నాడు.

మాణిక్యమ్మగారు దండెం మీంచి ఒక పెద్ద గుడ్డ తీశారు. లోపలికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. అమ్మమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు.

"అంచు బయటికి వదిలేశారండి. తొడల దగ్గర ఒరుసుకుంటుంది, పుళ్లు పడతాయి. లోపలికి మడిచి కుట్టాలి. సూదీ దారం ఇలా ఇవ్వండి."

అమ్మమ్మ సూదీ దారం ఇచ్చింది. మాణిక్యమ్మగారు దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా, "మా వారికి పోయేదాకా నేనే కుట్టానండి" అన్నారు. పిన్ని ఏడుపు ఆగింది. మామగారు తన పెళ్లికి ముందే పోయారు. ఆయన గుండెజబ్బుతో పోయారని మాత్రమే ఆమె విన్నది. పోయేముందు ఎలా ఉన్నారో ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా వైపు ఎవరికీ లేదండి అన్న మాట మాణిక్యమ్మగారు వెనక్కి తీసుకోలేదు. అమ్మమ్మా అడగలేదు. ఇద్దరూ ఆ సాయంత్రం దాకా కూర్చుని పెద్దవన్నీ కుట్లు విప్పి మళ్లీ కుట్టారు. ఆవిడ ఇంకో రెండు రోజులుండి, రోడ్డు మీద నీళ్లు తీశాక, ఒక్కరే వెళ్లారు.

తాతయ్య మళ్లీ నీళ్లు మానేస్తారేమోనని అమ్మమ్మ భయపడింది. ఆ రాత్రి చెంబు నింపి పెట్టి, పొద్దున్నే ముందు చెంబే చూసింది. సగం ఉంది. ఆయన మామూలుగా అరుగు మీదికి వెళ్లారు. రైతులు వస్తారా, వస్తే ఎలా చూస్తారు అని నేను దండెం దగ్గరే నిలబడ్డాను. వచ్చారు. సుబ్బారాయుడు అందరికంటే ముందు వచ్చాడు. చంకలో ఒక మూట ఉంది. తాతయ్యకు దణ్ణం పెట్టి, ఆయన దగ్గర ఆగకుండా గుమ్మం దాకా వచ్చి, మూట అమ్మమ్మకిచ్చాడు.

"పిల్లాడికండి. మా నాన్న కట్టినవి. బాగా నలిగినవి."

విప్పి చూస్తే పాత పంచెలు. ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ వారమంతా, అరుగు మీద కూర్చున్నవాళ్లలో ప్రతి ఒక్కరి ఇంటి నుంచీ ఏదో ఒకటి వచ్చింది. అందరూ పిల్లాడికనే చెప్పారు. పొత్తిగుడ్డలకు ఇచ్చేటప్పుడు పంచెను జానెడేసి ముక్కలుగా చించి ఇస్తారు. వీళ్లెవరూ చించలేదు. పొడవు పొడవుగా అలాగే ఇచ్చారు. భోషాణం నిండింది. అమ్మమ్మ ఒక్కొక్కటీ తీసి వాసన చూసి, ఏది ఎవరింటిదో తెలిసినట్టు, వేరువేరు దొంతర్లుగా పేర్చింది.

ఆ తరవాత అరుగు మీద ఒక కొత్త అలవాటు మొదలైంది. తగాదా చెప్పుకోబోయే ముందు ఎవరో ఒకరు తాతయ్యనే అడిగేవారు. "పిల్లాడు నీళ్లు బాగా తాగుతున్నాడాండీ?" రెండు నెలల పిల్లాడు నీళ్లు తాగడని అక్కడున్న అందరికీ తెలుసు, అందరూ పిల్లల్ని పెంచినవాళ్లే. "తాగుతున్నాడు" అనేవారు తాతయ్య. "అయితే ఫరవాలేదండి" అనేవారు వాళ్లు. అప్పుడు తగాదా మొదలయ్యేది. తాతయ్య ఆ తరవాత చాలాకాలం ఆ కుర్చీలో కూర్చున్నారు. నా పచ్చకామెర్లు తగ్గి నేను ఏలూరు వచ్చేశాను.

ఇప్పుడు మా ఇంట్లో అంత నూలు లేదు. ఉన్న చీరలు ఎన్ని ఉతుకులు ఉతికినా మెత్తబడని రకం. మా ఆయన పంచె పెళ్లిళ్లకు తప్ప కట్టరు. హారిక తెచ్చిన గుడ్డలు ఎక్కడో మిషన్ల మీద కుట్టినవి, అంచులు మాత్రం లోపలికే ఉన్నాయి, అది మొదటి రోజే చూశాను. ఉతకడం వాషింగ్ మిషన్ పని. అపార్టుమెంటు మేడ మీద బోలెడంత ఎండ, ఒక్కో ఫ్లాటుకూ ఒక్కో దండెం. మొదటిసారి ఆరేసినప్పుడు చీర కింద దాచబోయి, చంటిపిల్లలెవరూ లేని ఇంట్లో ఎవరి పేరున ఆరెయ్యాలని విడిగానే వేశాను. ఎవరైనా అడిగితే నావేనని చెప్పడానికి సిద్ధపడి ఉన్నాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇక్కడ ఎవరి దండెం వాళ్లది. ఎవరికీ ఎవరి మీదా నువ్వులుండలు చేసి తెచ్చేంత పట్టింపు లేదు. ఇది మంచో చెడో నేను తేల్చుకోలేదు. గుడ్డలు మాత్రం తొందరగా ఆరుతున్నాయి.

మా ఆయన ఒక రోజు మేడ మీది నుంచి బట్టలు తీసుకొచ్చి, వీటిని ఏ బీరువాలో పెట్టాలో తెలియక అడిగారు. ఏమిటో చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని పేపరు తెరిచి చాలాసేపు చదివారు. మడిచి పక్కన పెట్టాక, "మగవాళ్లకి కూడా ఉంటాయా అవి?" అన్నారు. ఉంటాయన్నాను. వచ్చే శనివారం హారిక తెస్తుంది. నేను ఈ నెలలో రెండుసార్లు గూడెం వెళ్లి వచ్చాను. రైల్లో సీసా నీళ్లూ తాగాను.

మొన్న శ్రీనివాసు వచ్చాడు. రాజి పిన్ని కొడుకు, ఆ పిల్లాడే. బట్టతల వచ్చింది. కలిదిండి దగ్గర చేపల చెరువులు చేస్తున్నాడు. భోంచేశాక మాటల్లో, అమ్మమ్మవాళ్ల ఊళ్లో ముసలివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఒకరిద్దరు ఉన్నారట. ఇప్పటికీ వీడు కనిపిస్తే దగ్గరికి పిలిచి, నలుగురిలోనే, చిన్నప్పటి ఇబ్బంది తగ్గిందా బాబూ అని అడుగుతారట. నలభై కేజీల మేత బస్తాలు దింపిస్తూ ఉంటే కూడా అడిగారట.

"అసలు సంగతి నీకు తెలుసా?" అన్నాను.

"మా నాయనమ్మ చెప్పిందక్కా. నా పెళ్లికి ముందు కూర్చోబెట్టి చెప్పింది."

"మరి వాళ్లకి చెప్పకపోయావా, నాది కాదని?"

"ఎందుకక్కా, తాతయ్య సంగతి. తగ్గిందండీ అంటాను. సంతోషిస్తారు."